అద్దాల గదిలో మొదటి మీటింగ్

కోస్తా నుంచి జహీరాబాద్ వచ్చి, అక్కడి ఒక ఫ్యాక్టరీలో చిన్న మీటింగ్ గదులు తయారు చేయించేవాణ్ణి. ఆ ఏడాది ఒక పాత స్టోర్‌రూమ్‌ను మీటింగ్ గదిగా మార్చే పని నా చేతికొచ్చింది. అద్దాల తలుపు, ఆరుగురు కూర్చునే బల్ల, గోడకు టీవీ, దాని కింద కెమెరా, బల్ల మీద మైకు. పక్కనే యంత్రంతో ఇనుప రేకులు నొక్కే ప్రెస్ షాపు. ఆ మోత మాటల్లో కలవకుండా మైకులో చప్పుళ్లను వడకట్టే ఏర్పాటు పెట్టించాను. హెడ్డాఫీసు వాళ్లు పరీక్షకని విని మెచ్చుకున్నారు.

గది ఇంకా వాడకంలోకి రాకముందే, కోహీర్ దగ్గరి ఊరి నుంచి పనికొచ్చే కార్మికుడొకడు ఆ ప్రెస్సులో ఇరుక్కుని చనిపోయాడు. దినాలయ్యాక అతని భార్యనూ, అన్ననూ పిలిపించారు. హెడ్డాఫీసు పెద్దాయన టీవీలో మాట్లాడతాడట. అన్నీ సరిగా పనిచేసేలా చూడమని నన్నూ కూర్చోబెట్టారు.

ఆయన ఇంగ్లీషులో సంతాపం చెప్పాడు. మా మేనేజరు దాన్ని తెలుగులో చెబుతుండగానే ఆమె తల వంచుకుని ఏడవసాగింది. గదంతా ఆ ఏడుపే.

"మైకు ఆపేశారా? ఏమీ వినబడటం లేదు" అన్నాడు పెద్దాయన.

మైకు ఆమె ఏడుపును కూడా మోత కిందే జమకట్టి తీసేస్తోంది. లేచి వెళ్లి ఆ ఏర్పాటు ఆపేశాను. ఈసారి ఆయనకు వినబడింది. కాసేపు విని, పక్కకు వంగి సౌండ్ తగ్గించుకున్నాడు. అది మాకు తెర మీద కనబడుతూనే ఉంది.

ఆమె కళ్లు తుడుచుకుంది. "టీవీల సారుతోని నాకేం పని? మా ఆయన యాడ పడ్డడో జర సూపియ్యున్రి."

మేనేజరు తెర వైపు చూశాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"లోపలికి పంపడానికి రూల్స్ ఒప్పుకోవమ్మా" అన్నాడు మేనేజరు.

"పానం పోయినంక గిప్పుడు రూల్సా సారూ?" అన్నాడు అన్న.

వాళ్లను గేటు దాకా దిగబెట్టడానికి నేను వెళ్లాను. దారిలో ప్రెస్ షాపు షట్టరు తెరిచి ఉంది. యంత్రం నడుస్తోంది, దాని ముందు ఇంకొకడు నిలబడి ఉన్నాడు.

"గదేనా?" అని అడిగింది ఆమె.

"అవునమ్మా."

చాలాసేపు చూసింది. "గా మిషిన్ కాడున్నాయనకు సెప్పున్రి, జర పైలంగ ఉండుమని."

గేటు దగ్గర వాళ్లను ఆటో ఎక్కించి వెనక్కి వచ్చాను. అతనికి చెప్పాను. మోతలో వినబడలేదు. చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఎవరు సెప్పిన్రు సార్?"

చెప్పాను. అతను గేటు వైపు ఒకసారి చూసి, మళ్లీ రేకు అందుకున్నాడు.