ఓబులరెడ్డి డివిజన్

కర్నూలు పాతబస్తీలో వేణుగోపాల్ స్టీలు సామాన్ల కొట్టు ముందు ఒక నల్లబల్ల వేలాడేది. మిగతా కొట్లవాళ్లు అలాంటి బల్ల మీద ధరలు రాస్తారు. ఇతను ఫుట్‌బాల్ జట్ల పాయింట్లు రాసేవాడు. బిందె కొనడానికొచ్చిన ఆడవాళ్లు కల్లూరు గెలిచిందా అని అడిగి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టే రోజులు కూడా వచ్చాయి.

వేణుగోపాల్‌ది కోమట్ల ఇల్లు. తండ్రి రామలింగయ్య కొడుకు చేత బి.కాం. చదివించింది కొట్టులో కూర్చోబెట్టడానికి. కొడుకు కాలేజీలో గోల్‌కీపరుగా నిలబడ్డాడు. అదీ మరెవరూ నిలబడకపోతే. "పరిగెత్తే పని లేదు, వచ్చినదాన్ని పట్టుకోవాల, అంతే. మా వ్యాపారం మాదిరే" అనేవాడు. చదువైపోయాక కొట్టులో కూర్చున్నాడు. ఆట మాత్రం వదల్లేదు.

1996లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ పుట్టింది. అంతకుముందు దేశం మొత్తానికి కలిపి ఉన్నవి టోర్నమెంట్లే. లీగులుంటే ఏ నగరానికి ఆ నగరంలో ఉండేవి. టోర్నమెంటులో ఓడితే ఇంటికి పోవచ్చు. లీగులో పోవడానికి లేదు. మెల్లగా స్థిరపడిన పద్ధతి ఇది: ప్రతి జట్టూ ప్రతి జట్టుతో సొంత ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి ఆడాలి. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి. చివరికి అడుగున మిగిలినవి రెండో డివిజనుకు దిగాలి, అక్కడ నెగ్గినవి పైకి రావాలి. మొదటి ఏడు పంజాబు జట్టు గెలిచింది. తర్వాత టైటిలు ఎక్కువగా కలకత్తా, గోవా క్లబ్బుల మధ్యే తిరిగింది. ఇదంతా వేణుగోపాల్ దినపత్రికలో క్రికెట్ కింద వేలెడంత జాగాలో చదివి తెలుసుకున్నాడు.

2003లో సరుకు కోసం బొంబాయి వెళ్లినప్పుడు ఒక లీగు మ్యాచి చూశాడు. స్టేడియం మెట్ల మీద జనం పలుచగా ఉన్నారు. ఆడుతున్నవి పట్టికలో అడుగునున్న రెండు జట్లు. కప్పు ఆశ ఎవరికీ లేదు. అయినా చివరి నిమిషాల్లో ప్రాణం పోతున్నట్టు ఆడారు. పక్కనున్న మనిషిని అడిగితే, ఓడినవాళ్లు కిందికి పోతారు అన్నాడు. గెలవడం కోసం కాక, దిగకుండా ఉండడం కోసం ఆడే ఆట వేణుగోపాల్ అప్పుడే చూశాడు. తిరుగు రైలులో సరుకు గురించి అతను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

కర్నూలు చుట్టుపక్కల టోర్నమెంట్ల తీరు వేరు. పోయిన పెద్దమనిషి పేరు మీద కొడుకులు కప్పు పెడతారు. దాత జట్టు మొదటి రౌండ్లు ఆడదు, నేరుగా సెమీఫైనల్లో కూర్చుంటుంది. ఫైనలుకు బయటినుంచి ఆటగాళ్లను దించుతారు. షామియానా కింద ఒకాయన లేచి, ఆటలు ఐక్యతను పెంచుతాయి అంటాడు. పెంచేది కక్షనే. అది కొద్దిపాటి కక్ష కాబట్టి ఎవరికీ ప్రమాదం లేదు.

బొంబాయి నుంచి వచ్చిన వేణుగోపాల్ దీన్నంతా తీసేసి లీగు పెడదామన్నాడు. పై డివిజను, కింది డివిజను. అడుగునున్న జట్టు దిగాలి, కింద గెలిచింది ఎక్కాలి. జట్లను ఒప్పించేసరికి ఏడాది పట్టింది. కప్పు కావలసి వచ్చింది. కోడుమూరు మద్దిలేటిరెడ్డి తన తండ్రి ఓబులరెడ్డి పేరు మీద మూరెడెత్తు వెండి కప్పు ఇచ్చాడు. సంతోషం పట్టలేక వేణుగోపాల్ పై డివిజనుకే ఓబులరెడ్డి డివిజన్ అని పేరు పెట్టాడు. జాతీయ లీగు నుంచి అన్నీ తెచ్చుకున్నవాడు ఈ ఒక్కటి మాత్రం ఊరి అలవాటు నుంచి తెచ్చుకున్నాడు. చెడింది అక్కడే.

రెడ్డి నడిపే కోడుమూరు జట్టు మొదటినుంచీ ఓడుతూ వచ్చింది. మద్దిలేటిరెడ్డి కంగారు పడలేదు. ఆదోని నుంచి మంచి ఆటగాళ్లను మాట్లాడి పెట్టుకున్నాడు. సీజను ముగింపుకొస్తున్నప్పుడు కొట్టుకొచ్చి అడిగాడు.

"ఫైనలు ఎప్పుడు పెట్టినావు శెట్టీ?"

"ఫైనలు లేదు రెడ్డన్నా. ఇది లీగు. అన్ని ఆటలూ ఫైనలే."

"మరి నా ఆదోని పిల్లోళ్లు?"

"మొదటినుంచీ తెచ్చింటే బాగుండు."

మద్దిలేటిరెడ్డి నల్లబల్ల వైపు చూశాడు. కోడుమూరు అడుగున ఉంది. మిగిలిన రెండు ఆటలూ గెలిచినా లేవదు. కింది డివిజనులో కల్లూరు షేర్ ఆటోల వాళ్ల జట్టు ఎవరికీ అందకుండా నెగ్గింది.

వారం తిరక్కుండా మద్దిలేటిరెడ్డి మళ్లీ వచ్చాడు. వెంట తల్లి తిరుపతమ్మ ఉంది. ఆమెకు పెద్ద తపేలా కావాలి. ఆయనకు మాట కావాలి.

"మా నాయన పేరు మీద డివిజను. దాంట్లోంచి మా నాయన జట్టునే దించుతాండావంట. ఊర్లో ఏమనుకుంటారప్పా?"

"దించేది మీ నాయన్ని కాదు. జట్టును."

"ఎట్లా చెప్పినా అంతే. ఇంకో జట్టును కలుపు. కల్లూరోళ్లు ఎక్కనీ, మేం ఉంటాం. ఎవురికీ నొప్పి లేదు."

జట్ల పెద్దలతో వేసిన లీగు కమిటీ కూడా ముందురోజు ఇదే సలహా ఇచ్చింది. ఇందులో వేణుగోపాల్‌కు మాత్రమే తెలిసిన చిక్కు ఒకటుంది. జాతీయ లీగులోనే జట్ల సంఖ్య ఏళ్లు మారేకొద్దీ మారింది. పది, పదకొండు, పన్నెండు. ఆ మాట బయటపెడితే రెడ్డి గెలుస్తాడు. వేణుగోపాల్ ఆ మాట ఎత్తలేదు. తెలిసిన ఇంకో మాట చెప్పాడు.

"కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ వందేండ్లు దాటిన క్లబ్బు. వాళ్లే దిగినారు రెడ్డన్నా."

"వాళ్లకు నాయన పేరు మీద కప్పు ఉండాదా?"

తపేలాను వేలితో కొట్టి చప్పుడు వింటున్న తిరుపతమ్మ తల ఎత్తింది.

"మీ నాయన యానాడన్నా బంతి తన్నినాడా మద్దిలేటీ? పెండ్లప్పుడు టెంకాయ దొర్లిస్తే తన్నబోయి కింద పడినాడు. శెట్టీ, దీని మూత యాడ?"

మద్దిలేటిరెడ్డి నవ్వలేదు. "అట్లయితే కప్పు కూడా దిగుతాది" అన్నాడు. అన్నట్టే మర్నాడు జీపు పంపించి కప్పు తెప్పించుకున్నాడు. కోడుమూరు మైదానం కూడా ఆయనదే, దాని గేటుకూ తాళం పడింది.

కప్పు లేని లీగుకు జట్లు వస్తాయా అన్నది ఇప్పుడు ప్రశ్న. రాకపోతే నల్లబల్ల మీద మళ్లీ ధరలు రాసుకోవడమే. సాయంత్రం కల్లూరు కెప్టెన్ ఉరుకుందప్ప ఆటో ఆపి కొట్టు మెట్లెక్కాడు.

"వేణన్నా, మేం ఎక్కినట్టా, లేనట్టా? మావోళ్లు స్టాండులో అడుగుతాండారు. ఇప్పటికే పై డివిజనోళ్ల మాదిరి నడుస్తాండారు. లేదంటే పరువు పోతాది."

"ఎక్కినారు."

"కప్పు?"

వేణుగోపాల్ కొట్టు లోపలికి చూశాడు. పై అరలో ఒక పెద్ద స్టీలు గంగాళం ఉంది. ఎవరూ కొనక చాలాకాలంగా అక్కడే ఉండిపోయింది.

"గెలిచినోళ్లకు అది."

ఉరుకుందప్ప దాన్ని కిందినుంచి పరిశీలించాడు. "కప్పులో ఏముంది అన్నా, అలమారాలో పెట్టాల. దీంట్లో యాభైమందికి అన్నం ఉడుకుతాది" అన్నాడు. తమాషాకు అన్నాడో నిజంగా అన్నాడో తెలియలేదు. నల్లబల్ల మీద పై డివిజను కింద కల్లూరు పేరు అతని ఎదురుగానే పడింది. కోడుమూరు పేరు కింది డివిజనుకు మారింది. ఓబులరెడ్డి అనే మాటను మాత్రం వేణుగోపాల్ తుడిచేశాడు. ఆ పేరు పెట్టడం తన తప్పు, అడుగున నిలవడం కోడుమూరు తప్పు. రెంటినీ కలపకూడదని తేల్చుకున్నాడు.

కొత్త సీజనులో కోడుమూరు రాదని అందరూ అనుకున్నారు. రెడ్డి రాలేదు కానీ కుర్రాళ్లు వచ్చారు. సొంత మైదానం లేక అన్ని ఆటలూ ఎదుటివాళ్ల ఊళ్లలోనే ఆడారు. ఆదోని వాళ్లు లేరు, ఎవరికోసమో ఎదురుచూడడమూ లేదు. సగం సీజను గడిచేసరికి వాళ్లు ఆడే మైదానం పక్క కంప చెట్ల దగ్గర ఒక జీపు ఆగడం మొదలైంది. అందులోంచి ఎవరూ దిగేవాళ్లు కాదు. తర్వాత్తర్వాత అద్దం దిగేది. ఒకసారి రిఫరీని తిట్టిన గొంతు కూడా వినిపించింది. వేణుగోపాల్ అటు చూడలేదు. మరుసటి ఆటకు కోడుమూరు మైదానం గేటు తెరిచి ఉంది.

మరో ఏడాదికి కోడుమూరు కింది డివిజను గెలిచి పైకి ఎక్కింది. అది 2007. దేశంలో జాతీయ లీగును మూసేసి ఐ-లీగ్ అని కొత్త పేరుతో మొదలుపెట్టిన ఏడు. పేరు మారింది సరే, జట్లు దిగుతాయా అన్నదొక్కటే వేణుగోపాల్ పేపర్లో వెతుక్కున్నాడు.

ఒక పొద్దున మద్దిలేటిరెడ్డి కప్పు చంకన పెట్టుకుని తనే మెట్లెక్కాడు.

"పైకి వచ్చినాం కదా. దీన్ని మళ్లీ పెట్టు శెట్టీ."

"పైనోళ్లకు గంగాళం ఉండాది రెడ్డన్నా. అది శానా మందికి అలవాటైపోయింది."

"అయితే?"

"కింది డివిజనుకు పెడదాం. ఎక్కినోళ్లకు ఓబులరెడ్డి కప్పు."

మద్దిలేటిరెడ్డి కప్పును కొట్టు బల్ల మీద పెట్టి, పిడులు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎక్కినోళ్లకా" అన్నాడు. "అట్లయితే ఈసారి మాకే కదా అది?"

వేణుగోపాల్ కప్పును తీసి, గుడ్డతో దుమ్ము తుడిచి, గెలిచిన జట్టుకు ఇచ్చినట్టు రెండు చేతులా తిరిగి ఆయనకే అందించాడు.