గివప్ మాస్టారూ, వంటింటి ఇంగ్లీషూ

ట్యూషన్ సెంటర్లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ గివప్ మాస్టారే. ఇంగ్లీషు క్రియలు ఒట్టి అమాయకప్రాణులనీ, పక్కన చేరే చిన్న మాటలే వాటిని చెడగొడతాయనీ ఆయన సిద్ధాంతం. "గివ్ అంటే ఇవ్వడం. పక్కన అప్ చేరిందా, వదిలేయడం. ఇన్ చేరిందా, లొంగిపోవడం!" అని బల్ల గుద్ది చెప్పేవాడు. ఆ రెండూ ఆయన జన్మలో చేసి ఎరగడు. ఎవరైనా పాపం తమ కష్టం ఇంగ్లీషులో చెప్పుకుంటే, కష్టం వదిలేసి తప్పు పట్టుకునే రకం.

అలాంటాయన కూతురికి ఆసుపత్రి రిసెప్షన్లో ఉద్యోగానికి పిలుపొచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ. ఇప్పటికే చాలాచోట్ల కాదనిపించుకున్న పిల్ల, ఇది కూడా పోతే ఇంక ఎక్కడికీ వెళ్లనని తేల్చేసింది. తండ్రి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఐ విల్ లుక్ ఎట్ ద పేషెంట్స్..." అని మొదలెట్టింది.

"ఆగు! లుక్ ఆఫ్టర్ అంటే బాగోగులు చూసుకోవడం. లుక్ ఎట్ అంటే? గుడ్లప్పగించి చూడటం! రోగుల్ని అలా చూస్తూ కూర్చుంటావా?"

ఆ తర్వాత ఆ పిల్ల నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడితే ఒట్టు. "నువ్వు ఎదురుగా ఉంటే నా పేరు కూడా గుర్తురావట్లేదు నాన్నా" అని లేచిపోయింది.

మర్నాడు సాయంత్రం మాస్టారు వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపల భార్య ఉల్లిపాయలు తరుగుతోంది. ఏబీసీడీలు దాటి ఇంగ్లీషు ఎరగని మనిషి. ఆమె ముందు కూర్చుని కూతురు గలగలా ఇంగ్లీషు మాట్లాడేస్తోంది.

"ఊఁ... ఊఁ... తర్వాత?" అంటోంది తల్లి, కథ వింటున్నట్టు. "మరి రోగి కోప్పడితే ఏం చేస్తావే?"

దానికీ ఇంగ్లీషులోనే జవాబు. వాక్యానికో తప్పు దొర్లుతోంది. మాస్టారికి నాలుక దురద పెట్టింది. తలుపు గట్టిగా పట్టుకున్నాడు. తన దగ్గర ఈ పిల్ల ఏనాడూ ఇంతసేపు మాట్లాడలేదని అప్పుడు తట్టింది. చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్లిపోయాడు.

సోమవారం తల్లి కూరగాయలు తరుగుతుంటే కూతురు పరుగున వచ్చింది. "ఉద్యోగం ఇచ్చేశారు! ఇంగ్లీషు ఎవరు నేర్పారని కూడా అడిగారు!"

మాస్టారు కాలరు సర్దుకున్నాడు.

"మా అమ్మ అని చెప్పాను."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సంబరంలో కూతురు అక్కడ జరిగిందంతా ఇంగ్లీషులోనే మొదలెట్టింది. మొదటి వాక్యంలోనే తప్పు. మాస్టారి నోరు దానంతటదే తెరుచుకుంది. భార్య కత్తి పక్కన పెట్టి ఆయన వంక చూసింది.

"ఊఁ..." అన్నాడు మాస్టారు. "తర్వాత?"