మూడోసారి విప్పిన హెడ్డు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. కంది దగ్గర హైవే పక్కనున్న నా ట్రాక్టర్ షెడ్డుకు వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ పొద్దున ఒక రైతు అక్క తన ట్రాక్టర్‌ను ఇంకో ట్రాక్టర్‌తో లాగించుకొచ్చి, నా ముందే పాత టైరు మీద కూర్చుంది.

"తమ్మీ, పదిదినాలల్ల గిది మూడోసారి. నీళ్లన్నీ ఇంజిన్ ఆయిల్ల కలుస్తున్నయ్. వాన పడ్డది. పదును ఆరిపోతే పత్తి ఎట్ల పెట్టాలె? ఇయ్యాల నువ్వు బిగిస్తుంటె సూసినంకనే పోత."

ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా ఇంజిన్ల పైమూతలు, అదే హెడ్డులు, బిగిస్తున్నవాడికి కాపలానా!

"సూడు, నాకేంది!" అన్నాను.

నిజానికి లోపల బెదురుగానే ఉంది. రెండుసార్లు హెడ్డు కింద నీళ్లు కారకుండా పరిచే గ్యాస్కెట్ కొత్తది వేశాను. ఎంత బిగించాలో చెప్పే టార్క్ రెంచి టక్‌మన్నాకే ఒక్కో బోల్టును వదిలాను. అయినా హెడ్డు కింద నీళ్లు కారాయి. పటాన్‌చెరులో గ్యాస్కెట్ అమ్మినాయన్ను ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టాను కూడా.

మళ్లీ హెడ్డు విప్పి, అలవాటు ప్రకారం బోల్టు రంధ్రాల్లో ఆయిల్ డబ్బా వంచాను. బోల్టులకు నూనె రాయమని మా ఉస్తాద్ చెప్పాడు. ఎక్కువైతే ఇంకా మంచిదే కదా అని నేను రంధ్రాలే నింపేవాణ్ణి. రంధ్రాల్లో ముందే దిగి ఉండే స్టడ్డులకు పైన నట్లు బిగించే పాత ఇంజిన్లతో ఆ అలవాటు వల్ల ఇబ్బంది రాలేదు.

అక్క లేచొచ్చి తొంగి చూసింది.

"నిండుగ నూనె ఉన్న సీసకు బిరడా పూరా దిగుతదా తమ్మీ?"

"ఇంజిన్ సంగతి నీకేం ఎరుకక్కా!" అని కసిరాను.

కసిరాక చెయ్యి ఆగింది. తీగ ముంచి తీస్తే రెండు వేళ్ల ఎత్తున నూనె. రంధ్రానికి అడుగున దారి లేదు. బోల్టు నూనె మీదే ఆగిపోతే రెంచి టక్‌మంటుంది, హెడ్డు మాత్రం బిగుసుకోదు. నా తెలివి తగలెయ్య!

"తప్పు నాదే అక్కా."

"సరే, ఇప్పుడన్న సక్కగ బిగియ్యి," అంది.

రంధ్రాలన్నీ తుడిచి గాలి కొట్టి, కొత్త గ్యాస్కెట్ పరిచి హెడ్డు పెట్టాను. బోల్టుల మరలకు ఒక్కో చుక్క నూనె రాశాను. నడిమి బోల్టుతో మొదలుపెట్టి, ఎదురెదురుగా అంచుల వైపు పోతూ, మూడు విడతల్లో బిగించాను. ఆఖరి విడతలో టక్‌మన్న ప్రతి బోల్టు మీదా అక్క సుద్దముక్కతో గీత పెట్టింది. నేనొకటి దాటేస్తే వేలు పెట్టి చూపించింది. ఎందుకో కోపం రాలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఆ ట్రాక్టరే షెడ్డు ముందు ఆగింది. చేతిలో పని వదిలేసి ఎదురెళ్లాను. అక్క బురద కాళ్లతో దిగింది, ఇంజిన్ ఆపలేదు.

"మళ్ల ఏమైందక్కా?"

"ఏం గాలే. పత్తి పెట్టుడు అయిపోయింది. జెర నువ్వు గూడ ఇను."

ఇంజిన్ ఎక్కడా తడబడకుండా ఆడుతుంటే ఇద్దరం నిలబడి విన్నాం. నాకు కడుపు నిండిపోయింది. వెంటనే పటాన్‌చెరుకు ఫోన్ చేశాను.

"నీ గ్యాస్కెట్‌ల తప్పు లేదన్నా. తిట్టినందుకు మాఫ్ జెయ్యి. గీ సప్పుడు ఇను," అని ఫోన్ను ఇంజిన్ దగ్గర పట్టుకున్నాను.