పెయింటు కింద పగులు

కొనేముందు ఇంటిని పరీక్షించి లోపాలు చెప్పే పని హిందూపురంలో మొదలుపెట్టాను. కరపత్రాలు పంచినా, వాట్సాప్‌లో వీడియోలు పెట్టినా చాలాకాలం ఎవరూ పిలవలేదు. చివరికి పెనుకొండ బిల్డర్ ఒకాయన, తన ఇళ్లు కొనేవాళ్లందరినీ నా దగ్గరికే పంపుతానన్నాడు.

మొదటి ఇల్లు ఎర్రమంచి దారిలో ఉంది. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే భార్యాభర్తలు కొనబోతున్నారు. హాల్లో దూలాన్ని తడితే గుల్లగా మోగింది. గోకితే కొత్త పెయింటు కింద వేలు దూరేంత పగులు బయటపడింది.

బిల్డర్ నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "బాగుండాదని చెప్పబ్బా. నువ్వు ఈడ పని చేసుకోవాలనా, వద్దనా?"

అయినా ఆ దంపతులను బయటికి పిలిచి, "ఈ ఇల్లు కొనొద్దు. దూలం ఎన్నాళ్లో నిలవదు" అని చెప్పేశాను.

బిల్డర్ మళ్లీ పిలవలేదు. ఆ దంపతుల్లో భార్య తన ఫ్యాక్టరీలో నలుగురికీ చెప్పడంతో ధర్మవరం నుంచి కూడా ఫోన్లు రావడం మొదలైంది.

మొన్న ఎర్రమంచి దారిలో వెళ్తే ఆ ఇంట్లో ఎవరో కాపురముంటున్నారు. గేటు దగ్గరున్న అవ్వకు పగులు సంగతి చెప్పాను.

"మావోడు కొనేసినాడు కదప్పా, ఇంగ యాడికి పోతాం?" అంది.

ఆమె వెనక, పై అంతస్తు కట్టడానికి ఇటుకలు దించుతున్నారు.