నాలుగు డప్పులు, నలుగురు మనుషులు

వర్ధన్నపేటకు సమీపంలోని ఒక పల్లెలో మొగిలయ్య ముప్ఫయ్యేళ్లుగా పంచాయతీ చాటింపు వేస్తున్నాడు. చదువు మూడో తరగతితో ఆగింది. అయినా కార్యదర్శి ఒకసారి చదివి వినిపించిన తీర్మానాన్ని ఒక్క మాట పొల్లుపోకుండా ఒప్పజెప్పగలడు. నీళ్ల పన్నైనా, పోలియో చుక్కలైనా, ఉపాధి పనైనా ఊరికి ఆయన గొంతు ద్వారానే తెలిసేది. ఎవరైనా మరణిస్తే, మరి ముగ్గురితో కలిసి డప్పు కొట్టేది కూడా ఆయనే.

కరోనా రెండోసారి విజృంభించిన మే నెలలో, పంచాయతీ విధించిన కట్టడి నియమాలనూ ఆయనే చాటాడు. పొద్దున పది దాటితే దుకాణాలు మూయాలి. మాస్కు లేనివారు గడప దాటరాదు. పెళ్లికి నలభై మంది, చావుకు ఇరవై మంది. ఈ చివరి నియమాన్ని మాత్రం ప్రతి వాడలోనూ ఆగి రెండుసార్లు చెప్పాడు.

"ఎవలింట్లనైనా సరే, ఇరవై మందే. ఇరవై ఒక్కరైతే జుర్మానా."

వారం తిరగకముందే రామలింగం కాలం చేశాడు. ఎనభై ఏళ్ల రైతు. కరోనా కాదు, వృద్ధాప్యం. మొగిలయ్య చాటింపు వేస్తూ ఆ ఇంటి ముందుకు వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి, ఛాయ్ ఇప్పించి, చెప్పిందంతా మళ్లీ చెప్పించుకునే మనిషి. "నన్ను నువ్వే సాగనంపాలె మొగిలీ, చేతులు వణికెటోన్ని తోలకు" అని ఎన్నోసార్లు అన్నాడు. ఆ పనిని ఇంకొకరికి వదలాలని మొగిలయ్యకు లేదు.

తెల్లవారేసరికి డప్పుతో వెళ్లాడు. వాకిట్లో కార్యదర్శి సుభాషిణి కుర్చీ వేసుకొని, రామలింగం కొడుకు రాజమౌళి చెబుతుంటే, శ్మశానానికి వెళ్లేవారి పేర్లు రాస్తోంది. ఇరవయ్యో పేరు కింద గీత గీసి, "డప్పులు – 4" అని రాసింది.

"ఇరవై నలుగురైతాండ్రు గద మేడమ్," అన్నాడు మొగిలయ్య.

"డప్పులు లెక్కల రావు," అన్నాడు రాజమౌళి. "మందిని లెక్కవెట్టినం."

"డప్పులు వాటంతట అవే నడిచొస్తయా పటేలా? నలుగురం మోసుకొస్తం."

"పొద్దుగాల్నే కిరికిరి పెట్టకు మొగిలీ. నిన్ను రావద్దంటినా? రమ్మనే అంటాన."

"ఇరవై మందిల ఒకన్నైతే వస్త. ఊరంత తిరిగి చెప్పిన నోరు నాది. రేపు ఎవలన్న 'నువ్వు మనిషివి కాదా' అంటే ఏమనాలె?"

మన భాషలో వస్తువులు నాలుగు, మనుషులు నలుగురు. ఈ భేదంలో ఒకటో తరగతి పిల్లలు కూడా పొరబడరు. సుభాషిణి తాను వేసిన అంకె వైపు చూసింది. అంకెకు ఆ భేదం తెలియదు.

"ఎవల్ని తీసెయ్యాలె నేను?" అన్నాడు రాజమౌళి. గొంతు తగ్గింది. జాబితాలో ఉన్నవారంతా చుట్టాలే. ఎవరిని కొట్టేసినా ఏళ్ల తరబడి మాట పడాలి.

మొగిలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. వెళ్లిపోతే రామలింగం మాట దక్కదు. లెక్కలో లేకుండా నడిస్తే తన మాట దక్కదు.

గుంజకు ఆనుకొని కూర్చున్న సమ్మమ్మ, రామలింగం చెల్లెలు, కళ్లు తుడుచుకుంది. "బిడ్డా, ఆ కారు కాడ ఫోన్ మాట్లాడెటోని పేరు రాసినవా?"

"రమాకాంత్ గారా? రాసిన. రాజమౌళి గారి బామ్మర్దట," అంది సుభాషిణి.

"మా అన్న మంచాన పడితే ఒక్కపాలి రాలె. ఇయ్యాల కారు చూపెట్టొచ్చిండు. కొట్టెయ్."

"అత్తా, నా పెండ్లాం నాకు బువ్వ పెట్టది," అన్నాడు రాజమౌళి.

"నేను పెడత తియ్."

ఏడుస్తున్న ఆడవాళ్లలో ఒకరిద్దరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"వాని పేరు తీసి మొగిలి పేరు రాయుండ్రి మేడమ్," అన్నాడు రాజమౌళి.

"నేనొక్కన్నే వస్త. కడమ ముగ్గురికి నేను చెప్పుకుంట," అన్నాడు మొగిలయ్య.

సుభాషిణి "డప్పులు – 4" మీద అడ్డగీత గీసింది. రమాకాంత్ పేరు కొట్టేసి, ఆ వరుసలోనే మొగిలయ్య పేరు, అడిగి తెలుసుకొని అతని తండ్రి పేరు రాసింది. ఒక గడి మిగిలింది.

"చనిపోయినాయనకు ఏమైతవ్?"

"ఏమీ కాను మేడమ్."

ఆమె ఆ గడిని ఖాళీగా వదిలింది.

పది కాకముందే పాడె లేచింది. ముందు మొగిలయ్య ఒక్కడే నడిచాడు. మిగతా ముగ్గురూ తమ తమ వాకిళ్లలో నిలబడి విన్నారు. వాళ్లు బదులు కొట్టవలసిన చోటల్లా ఆయన చేయి ఆపి, ఆ విరామం నిండాకే మళ్లీ దెబ్బ వేశాడు.