పోతులయ్య ఇచ్చిన డిమోషన్లు

హిందూపురం నుంచి ధర్మవరం దాకా పోతులయ్య చేత డిమోషన్ పొందని మనిషి లేడు. ధర్మవరంలో ఆయన నేసేది పట్టుచీరలు. కనబడినవాళ్ళకల్లా ఇచ్చేది మాత్రం డిమోషన్లు.

సోమందేపల్లి దగ్గర బస్సు టైరు పంచరయితే, "ఎక్స్‌ప్రెస్సుకు డిమోషన్! ఇంక ఇది ఎద్దులబండి!" అని అరిచేవాడు. సాంబారులో ఉప్పు తగ్గిన రోజు భార్య రత్నమ్మను వంటమనిషిగా దించేశాడు. ఆమె చేతులు తుడుచుకుని, "అట్లనా? వంటమనిషికి సాయంత్రం సెలవు" అని పుట్టింటికి పోయింది. చీకటి పడకముందే పోతులయ్య పరుగెత్తి, ప్రమోషన్ ఇచ్చి మరీ తెచ్చుకున్నాడు.

1998లో నిజమైన డిమోషనే ఒకటి వచ్చిపడింది. హిందూపురం బస్టాండులో కంట్రోలరు కుమారస్వామి తొందరలో, ప్రయాణికులు ఎక్కకముందే ఖాళీ బస్సుకు రైట్ చెప్పి పంపేశాడు. పైవాళ్ళు ఆయన్ని మళ్ళీ కండక్టరుగా దించారు. ఆర్డరులో దాని పేరు 'పదావనతి'.

మొదటిరోజు ధర్మవరం బస్సులో ఆయన తలెత్తకుండా టికెట్లు కొడుతున్నాడు.

"ఏం కంట్రోలరప్పా, మళ్ళా సంచి తగిలించినావే?" అన్నారెవరో.

అంతలో ముందు సీట్లోంచి పోతులయ్య లేచాడు. ఇక పరువు దక్కదనుకున్నాడు కుమారస్వామి.

"డిమోషన్!" కేకేశాడు పోతులయ్య. "నాకే! ముందు సీటు నుంచి వెనక సీటుకి!"

తువ్వాలు దులుపుకుని నిజంగానే వెనక్కి పోయి కూర్చున్నాడు. బస్సంతా గొల్లున నవ్వింది.

"నాకు మొన్ననే ఇచ్చినాడబ్బా! పూల సిద్దమ్మను ఆకుల సిద్దమ్మనైతి!" అంది గంప పట్టుకున్న సిద్దమ్మ.

"నన్ను బావ నుంచి పక్కింటోడిని చేసినాడు!" అన్నాడు మరొకాయన.

పెనుకొండ వచ్చేసరికి ఎవరి డిమోషన్ పెద్దదని బస్సులో ఒకటే పోట్లాట!

"ఊరుకోండప్పా! ఆర్డరుతో వచ్చింది నాదొక్కటే!" అని అందరికంటే గట్టిగా అరిచింది కుమారస్వామే.

ధర్మవరంలో దిగబోతూ పోతులయ్య మెట్టు మీద ఆగాడు. "పదావనతి అంటే ఏందో తెలుసునా? పదమంటే కాలు. కాలు కిందికి పెడితివి, అంతే. ఇదో, నేనూ పెడతాండా."

కుమారస్వామికి అప్పుడు అనుమానమొచ్చింది. "పెద్దాయనా, పొద్దున్నే పట్టునూలు మూటతో హిందూపురం బస్టాండులో కూచోనుంటివి కదా. అన్ని ధర్మవరం బస్సులు పోయె, ఏంటికి ఎక్కలేదు?"

పోతులయ్య మూట భుజానికెత్తుకున్నాడు.

"అవన్నీ నీ బస్సులు కావు కదప్పా."