మిడిల్‌బర్గ్ దుప్పటి కాలిన అంచు

ఈ అరబ్బు దేశంలో, దార్సైట్ పేటలో, మా ఫ్లాట్ ముందుగదే నా కుట్టుదుకాణం. బ్లౌజులు, చీరల ఫాల్స్, పిల్లల యూనిఫారాలు తప్ప పెద్ద పనులేవీ రావు. అందుకే ఇదే ఊళ్ళో ఖురంలో ఉండే డచ్చి మేడమ్ ఒక పాత అద్దకం దుప్పటి తెచ్చి నా బల్ల మీద పరిచినప్పుడు కాస్త గొప్పగానే అనిపించింది. వాళ్ళ ఊళ్ళో ఉన్న కూతురికి నెలలు నిండాయట. పుట్టబోయే బిడ్డ కోసం దుప్పటికి మెత్తటి లైనింగ్ వేయాలి. ఆ వారమే ఆవిడ ప్రయాణం.

మమ్మల్ని చూడటానికి బందరు నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు దాన్ని చూడగానే లేచి వచ్చారు. "ఇదెక్కడిదే? మన పెడన పనిలా ఉందే!" అంటూ ఎర్రపూలు తడిమారు. ఒక పక్క జానెడు మేర గుడ్డ కాలి నల్లబడి ఉంది. అది కనబడగానే చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

మేడమ్ గుమ్మం దాటిందో లేదో మొదలుపెట్టారు. "కాలిన గుడ్డ ఇంట్లోనే ఉంచకూడదంటారు, పసిగుడ్డు కింద వేస్తారటే? ఆ ముక్క కత్తిరించేసి మడిచి కుట్టెయ్."

మా అమ్మయినా అదే అనేది. నాకూ మనసొప్పలేదు. కానీ అడక్కుండా ఎవరి గుడ్డకీ కత్తెర పెట్టే అలవాటు నాకు లేదు. మేడమ్‌కి ఫోన్ చేసి, కాలిన అంచు తీసేయమంటారా అని అడిగాను. "మా అమ్మాయీ అదే అంటోంది. కత్తిరించెయ్యి," అంది మేడమ్. ఆ మాట ఎంత నీరసంగా అందంటే, కత్తెర తీయబుద్ధి కాలేదు. ఒకసారి వచ్చి దగ్గరుండి చూసుకోమన్నాను.

మర్నాడు సాయంత్రం వచ్చింది. టీ ఇచ్చి, అసలెలా కాలిందని అడిగాను. అడిగింది దుప్పటి గురించి, ఆవిడ చెప్పింది మాత్రం ఊరు పుట్టిన దగ్గర్నుంచి. నేను తెలుగు చేసి అత్తగారికి వినిపిస్తూ పోయాను.

ఆవిడ ఊరు మిడిల్‌బర్గ్, వాళ్ళ జిల్లాకి ముఖ్యపట్టణం. సముద్రపు దోపిడీగాళ్ళకి భయపడి గుండ్రంగా కట్టుకున్న కోటే ఆ తర్వాత ఊరైందట. మొదట ఉన్ని, ద్రాక్షసారాయి బేరాలు. తర్వాత ఓడలు మన తీరం దాకా వచ్చి అద్దకాలు పట్టుకెళ్ళాయి. ఆ ఓడల్లో మనుషుల్ని కూడా సరుకులా మోసి అమ్ముకున్నారని ఆవిడే తల దించుకుని చెప్పింది. చివరికి రేవు పూడిపోయింది.

"మా బందరూ అంతేగా! వీళ్ళనే వలందులనేవాళ్ళు. వీళ్ళుండబట్టే మా దగ్గర వలందపాలెం అని పేరొచ్చింది, చెప్పవే," అన్నారు అత్తగారు, చుట్టరికం కలిసినట్టు.

తర్వాత ప్రపంచయుద్ధం వచ్చింది. ఊరి నడిబొడ్డంతా తగలబడిపోయింది. మేడమ్ అమ్మమ్మ చంటిపిల్లని ఈ దుప్పట్లో చుట్టుకుని మంటల మధ్య నుంచి పరిగెత్తింది. అంచుకి నిప్పంటుకుంటే ఉత్త చేత్తో నలిపి ఆర్పింది. ఇల్లు పోయింది. ఈ గుడ్డా, ఆ పిల్లా మిగిలారు. ఆ పిల్లే మేడమ్ తల్లి.

"ఊరు మళ్ళీ కట్టుకున్నాం. పాత వీధుల వరసలోనే," అని ఆవిడ కప్పు కింద పెట్టింది. "మా అమ్మాయికి ఇవన్నీ బరువు. సరే, కత్తిరించు."

నాకు చాలా కష్టంగా అనిపించింది. అయినా సుద్దముక్క తీసి గీత గీయబోయాను. అత్తగారు ఆ నల్లటి అంచు మీద అరచెయ్యి పరిచేశారు.

"నిప్పు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయిందే తల్లీ. ఆ ఆగినచోటే కోసేస్తావా?"

సుద్దముక్క కింద పెట్టి, ఆ మాటకి ఇంగ్లీషు వెతుక్కున్నాను. ఎలాగో చెప్పాను. మేడమ్ కళ్ళు తుడుచుకుని, అక్కడే నిలబడి కూతురికి ఫోన్ చేసింది. వాళ్ళ భాష నాకు ఒక్క ముక్క రాదు. చాలాసేపు మాట్లాడాక, "అంచు అలాగే ఉంచమంటోంది," అని నాకు చెప్పి ఆవిడ ఫోన్‌ని అత్తగారి చేతికిచ్చింది. అవతల అమ్మాయి ఏడుస్తోంది. అత్తగారు తెలుగులోనే, "ఊరుకోమ్మా, నిండుమనిషివి," అంటున్నారు.